కంభం చెరువుకు నడచి వెళదాం

కాశ్మీరు కొండలలో ట్రౌట్ చేపలు పట్టే యాత్రికుల ఛాయాచిత్రం చూసి, ఒక విద్యార్థి "మన ప్రాంతంలో ఇటువంటిదేముంది సార్?" అని నన్నడిగాడు. ఆ ప్రశ్న నన్ను నొప్పించింది. అతని గ్రామం కంభానికి పట్టుమని పది మైళ్లు కూడా లేదు.

ట్రౌట్ చన్నీటి చేప. ఆంగ్లేయులు దానిని విదేశాల నుండి తెప్పించి కాశ్మీరులోను, నీలగిరులలోను పెంచారు. మన ఎండలకు అది బ్రతకదు. అయితేనేం? నల్లమల కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువు మనకున్నది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దానిని కట్టించినదని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషన్ దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

కళాశాల కమిటీ వారికి నా మనవి. దూరప్రాంత విహారయాత్రలకు రుసుము కట్టలేక పేద విద్యార్థులు ఏటా ఆగిపోతున్నారు. వానలు వెలిసిన పిదప, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, కంభంలో దిగి, భుజాన సంచితో చెరువుకట్ట వరకు నడిచే యాత్రను ఏర్పాటు చేయండి. అధ్యాపికల తోడుతో విద్యార్థినులను కూడా పంపవలెను.

విద్యార్థులారా! చేపలు పట్టడం మనకు వినోదం, జాలరులకు బ్రతుకుతెరువు. వారి అనుమతి లేనిదే గాలం వేయకండి. కరువు ఏండ్లలో ఆ చెరువు అడుగంటిన సంగతి మీ పెద్దలనడిగి తెలుసుకోండి. మనం తినే అన్నం ఏ నీటితో పండినదో ఎరుగని చదువు అసంపూర్ణమే కదా!