తలకిందుల తుపాకి జవాను వాకిట్లో వద్దు

కోసిగి: సైన్యంలో చేరిన బిడ్డ సెలవు మీద వచ్చినా, సర్వీసు ముగించుకుని ఊరు చేరినా శాలువా కప్పి, చేతికో జ్ఞాపిక ఇవ్వడం పల్లెల్లోనూ వాడుకలోకి వచ్చింది. ఇది మంచిదే. సన్మానించాలన్న తలంపును ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇచ్చే వస్తువు గురించి కొంత ఆలోచించాలి. సిమెంటు సిపాయి, రేకు ఫిరంగి, చెక్క ట్యాంకు, తలకిందుల తుపాకి మీద ఇనుప టోపీ, ఇలా కంటికి నచ్చిందల్లా తెచ్చి ఇంటి ముందు పెట్టుకొమ్మనడం సబబు కాదు.

గుర్తుకు అర్థం ఉంది

తలకిందులుగా నిలిపిన తుపాకి, దానిపై టోపీ అలంకారం కాదు. అది చనిపోయిన సిపాయి గుర్తు. 1971 యుద్ధం తరువాత, 1972 జనవరి 26న ఢిల్లీ ఇండియా గేటు వద్ద ప్రారంభించిన అమర జవాన్ జ్యోతికి ఆ గుర్తునే ఎంచుకున్నారు. 2019లో జాతీయ యుద్ధ స్మారకం వెలిసింది. 2022 జనవరిలో ఆ జ్యోతిని అక్కడి జ్యోతిలో కలిపారు. ఇటువంటి గుర్తును సరిహద్దులో కాపలా ఉన్న కుర్రవాని తల్లికి ఇస్తే, ఆమె తెల్లవారి లేచి దేన్ని చూస్తూ వాకిట్లో ముగ్గు వేయాలి? ఇచ్చినవారికి అర్థం తెలియకపోవచ్చు. సెలవుకు వచ్చిన జవానుకు మాత్రం తెలుసు.

మన పెద్దలకు ఈ తేడా తెలుసు. ఊరి పశువుల కోసం, పొలిమేర కోసం పోరాడి ప్రాణం విడిచిన వారికి రాయలసీమ పల్లెల్లో వీరగల్లులు నిలిపారు. కింద పోరు, దానిపైన వీరుని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన సూర్యచంద్రులు చెక్కించారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం పేరు నిలవాలని దాని భావం. ఆ రాయి చనిపోయినవానిది. దానికి తగిన చోటు ఊరి పొలిమేర, చెరువు కట్ట, గుడి ముంగిలి.

అమెరికాలోనూ ఈ తేడా పాటిస్తారు. అక్కడ 1917 నుంచి బిడ్డ సైన్యంలో ఉన్న ఇంటివారు కిటికీకి నీలి నక్షత్రం గల జెండా కట్టుకుంటున్నారు. బిడ్డ చనిపోతే నీలి నక్షత్రం స్థానంలో బంగారు నక్షత్రం వస్తుంది. చూసినవారికి ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది. రెండు నక్షత్రాలను ఎవరూ కలిపివేయరు.

ఏమివ్వాలి?

ఇక్కడి ఇళ్ళకు బొమ్మలు నిలుపుకునే పచ్చిక తోటలు లేవు. ఉన్నది అరుగు, వాకిలి, మహా అయితే ఒక వేపచెట్టు. కోసిగి ప్రాంతంలో పంటలు చేతికి రాని ఏడు సుగ్గికి పోయే కుటుంబాలు అనేకం. గుంటూరు మిరప చేలకు తల్లిదండ్రులు వెళ్ళిపోతే, తాళం వేసిన ఇంటి ముందు నిలబడిన సిమెంటు సిపాయి ఎవరికోసం? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మయితే వానకే చెడిపోతుంది. రంగు వేసిన రేకు ఎండకు వెలిసి, తుప్పు పడుతుంది.

కనుక ఇచ్చేది పనికి రావాలి, నిలవాలి, చేసినవానికి కూలి దక్కాలి. బేతంచెర్ల నాపరాయి బండపై జవాను పేరు, సైన్యంలో చేరిన సంవత్సరం చెక్కించి అరుగు గోడకు అమర్చవచ్చు. వేపచెట్టు కింద నలుగురు కూర్చునే రాతి తిన్నె కట్టించి, దానికి అతని పేరు పెట్టవచ్చు. రాతిలో బొమ్మే కావాలంటే ఆళ్ళగడ్డ శిల్పులు ఉండనే ఉన్నారు. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన దుప్పటి ఇచ్చినా తల్లిదండ్రులు సంతోషంగా కప్పుకుంటారు. ఏది ఇవ్వాలన్నా ముందు ఇంటివారిని ఒక మాట అడగడం మర్యాద.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. జవాను ప్రస్తుతం ఏ చోట పనిచేస్తున్నదీ బండ మీద రాయించరాదు. మూడు సింహాల రాజముద్రను ప్రైవేటు వ్యక్తులు ఇష్టానుసారం వాడడాన్ని 2005 చట్టం నిషేధిస్తున్నది. జాతీయ జెండాను విగ్రహానికి కప్పరాదు, నేలకు తగలనివ్వరాదు.

పోయినవారి రాయి ఊరిది

ప్రాణం ఇచ్చినవారి సంగతి వేరు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అసువులు బాసిన కర్నల్ సంతోష్‌బాబుకు మరుసటి ఏడాది సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పులకు బలైన మురళీ నాయక్‌ది మన సీమలోనే, గోరంట్ల మండలం కల్లి తండా. అటువంటివారి గుర్తును ఇంటివారి వాకిట్లో పెట్టి చేతులు దులుపుకోరాదు. దాని ఖర్చు, దాని కాపుదల ఊరు మోయాలి. 2023లో ‘మేరీ మాటీ మేరా దేశ్’ కింద పంచాయతీలలో వీరుల పేర శిలాఫలకాలు నిలపాలన్నారు. వాటిని శుభ్రంగా ఉంచే బాధ్యత ఇక పంచాయతీలదే. పొలం గట్ల మీది పాత వీరగల్లులను బట్టలు ఉతికే బండలుగా, గడప రాళ్ళుగా మార్చకుండా సర్పంచులు చూడాలి. కొత్త వీరునికి శాలువా కప్పి, పాత వీరుని తలపై బట్టలు బాదడం ఏమి న్యాయం?

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. ఈ ఏడు ఆ రోజు సన్మానం తలపెట్టే యువజన సంఘాలు, పాఠశాలలు బొమ్మల అంగడికి పోకముందే జవాను ఇంటికి పోవాలి. నాపరాయి బండ చెక్కిస్తే, చేరిన సంవత్సరం పక్కన కొంత చోటు ఖాళీగా వదలాలి. జవాను సర్వీసు ముగించి క్షేమంగా ఇల్లు చేరిన సంవత్సరాన్ని ఆ ఖాళీలో చెక్కించాలి. ఊరు అతనికి ఇవ్వగలిగిన దీవెన అదే.