గోద్‌కి బెల్టు ఉండదు

మా ఆపా కూతురు పోయినేడు మే నెలలో డాలస్ నుంచి వచ్చింది. దామాద్‌కి ఛుట్టీ దొరకలేదు, ఇరవై నెలల పాపని వెంటబెట్టుకుని ఒక్కతే వచ్చింది. రెండేళ్ళు నిండని పిల్లలకి విమానంలో విడిగా సీటు కొనక్కర్లేదు. విదేశీ ప్రయాణాల్లో మామూలుగా పెద్దల టికెట్లో పదో వంతు కడితే చాలు, గోద్‌లో కూర్చోబెట్టుకుని రావచ్చు. మా భాంజీ మాత్రం పాపకి సీటు కొనింది. కారులో వాడే పిల్లల సీటుని విమానం ఎక్కించి, కిటికీ పక్కన బిగించి, దోహా మీదుగా శంషాబాద్ దాకా పాపని అందులోనే కూర్చోబెట్టుకొచ్చింది.

ఫోన్లో ఈ సంగతి విన్నప్పుడు మేం నవ్వుకున్నాం. అబద్ధమెందుకు, అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. పైసలు ఎక్కువైతే ఇలాంటి షౌక్‌లే పుడతాయి అన్నాను.

ఆమెని తీసుకురావడానికి ఎర్టిగా మాట్లాడాం. డ్రైవర్ కాక ఐదుగురం బయల్దేరాం. మా వైపు సంగతి మీకు తెలుసుగా, ఎవరైనా విమానం దిగుతున్నారంటే ఇంట్లో సగం మంది ఎయిర్‌పోర్టులో ఉండాలి. లేకపోతే మొహబ్బత్ తక్కువైనట్టు. ఆమె రాత్రి రెండింటికి దిగింది. తల్లీ పిల్లా, నాలుగు పెద్ద పెట్టెలు, పైన ఈ సీటు. కారులో చోటు ఎక్కడుంది? పెట్టెలు కొన్ని డిక్కీలో, కొన్ని కాళ్ళ దగ్గర. సీటు సంగతేంటని డ్రైవర్ అడిగాడు.

"క్యారియర్ మీద కట్టెయ్యి బాబూ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టను.

భాంజీ ఒక్కసారి "మామూ, పాపని అందులో కూర్చోబెడదాం" అంది. "మన ఊళ్ళో ఇవన్నీ ఎందుకు బేటా, నా గోద్‌లో కూర్చుంటుంది" అని ముందు సీట్లో పాపని ఒళ్ళో పెట్టుకున్నాను. అంత ప్రయాణం చేసి వచ్చిన పిల్ల మామూతో వాదిస్తుందా? వెనక కూర్చుని పడుకుంది.

అర్ధరాత్రి కాబట్టి శ్రీశైలం దారి కుదరదు. అడవి గేట్లు రాత్రి తొమ్మిదికి మూస్తే పొద్దున ఆరుకి గానీ తెరవరు. అందుకని సాగర్ మీదుగా వచ్చాం. మాచర్ల దాటాం, తెల్లగా తెల్లారింది. ఎర్రగొండపాలెం ఇంకా రాలేదు. ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డు మీదికి దిగింది. డ్రైవర్ బ్రేక్ మీద నిలబడ్డాడు. కారు దేన్నీ గుద్దలేదు. ఒక్క గొర్రెకి కూడా ఏమీ కాలేదు. పాప మాత్రం నా చేతుల్లోంచి జారి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నుదురు పగిలింది.

మూడు కుట్లు పడ్డాయి. అల్లా రహమ్, అంతకు మించి ఏమీ కాలేదు. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని భాంజీ నన్ను తిట్టలేదు. "పదిహేను వేల కిలోమీటర్లు కట్టుకొచ్చాను మామూ" అంది, అంతే.

నేను గట్టిగానే పట్టుకున్నాను. అది ఇప్పటికీ కసమ్ వేసి చెప్పగలను. జర్నలిస్టుని కాబట్టి తర్వాత కూర్చుని చదివాను, లెక్క కూడా వేశాను. కారు యాభై కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్ది, ముందు భాగం అర మీటరు నలిగి ఆగిందనుకోండి. ఆ క్షణంలో పది కిలోల పాపని ఆపాలంటే మన చేతులు దాదాపు రెండు వందల కిలోల బరువు ఆపాలి. అంటే నాలుగు సిమెంటు బస్తాలు. మార్కాపురం మార్కెట్లో ఏ హమాలీ ఎత్తలేని బరువు నా చేతులు ఎలా ఆపుతాయి? పైగా నేను కూర్చుంది ముందు సీట్లో. 2021 నుంచి కొత్త కార్లలో ఆ సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది తెరుచుకుని ఉంటే నాకూ దానికీ మధ్యలో పాప తల ఉండేది. ఈ ఒక్క సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మరి విమానంలో? అక్కడ గొర్రెల మందలు లేవు కదా అని నేనూ అనుకున్నాను. 1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో పోతున్న యునైటెడ్ 232 విమానం తోక ఇంజిన్ పేలి, హైడ్రాలిక్స్ అన్నీ పోయి, అయోవాలోని సూసిటీలో కూలింది. 296 మందిలో 112 మంది పోయారు. అందులో గోద్ పిల్లలు నలుగురు. దిగే ముందు పిల్లల్ని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకి చెప్పారు సిబ్బంది. అప్పటి పద్ధతి అదే. నలుగురిలో ముగ్గురు బతికారు. వాళ్ళలో ఒక పసిపాప పైన సామాన్ల అరలో దొరికింది. ఏడుపు విని ఒక ముసాఫిర్ పొగలోకి వాపస్ వెళ్ళి తెచ్చాడు. నేల మీద పెట్టిన పాప పైన అరలోకి ఎలా చేరిందో ఆలోచించండి. నాలుగో పిల్లాడు, ఇరవై రెండు నెలల వాడు, పోయాడు. మీరు కింద పెట్టమంటేనే పెట్టానని వాడి తల్లి ఆ విమానం చీఫ్ అటెండెంట్ జాన్ బ్రౌన్‌తో అంది. ఆ మాట జాన్ బ్రౌన్‌ని వదల్లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకీ సీటు తప్పనిసరి చెయ్యాలని ఆమె ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగింది.

కానూన్ మాత్రం రాలేదు. అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1990 నుంచీ అడుగుతూనే ఉంది. విమానయాన శాఖ ఎఫ్ఏఏ మాత్రం సీటు వాడమని సలహా ఇస్తుంది, తప్పనిసరి చెయ్యదు. 2005లో దాని వజహ్ చెప్పింది: సీటు కొనాలంటే ఖర్చని కొన్ని కుటుంబాలు విమానం మానేసి కార్లలో పోతాయి, రోడ్డు మీద అంతకంటే ఎక్కువ మంది పిల్లలు చనిపోతారు.

ఈ దలీల్ చదివినప్పుడు మా ఎర్టిగా గుర్తొచ్చింది. వాళ్ళకి విమానమో, కారో ఏదో ఒకటి. మనకి రెండూ. మార్కాపురం వాడికి గల్ఫ్ అయినా అమెరికా అయినా ముందు మూడొందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ రోడ్డు తప్పదు. గిద్దలూరు వాళ్ళు నల్లమల ఘాట్ దాటి నంద్యాల, కర్నూలు మీదుగా శంషాబాద్‌కో, బెంగళూరుకో పోవాలి. కంభం వాళ్ళ సంగతీ అంతే. పోయేదీ వచ్చేదీ చాలాసార్లు రాత్రిపూటే, డ్రైవర్‌కి నిద్ర ఉండదు. మొత్తం సఫర్‌లో ఖతర్‌నాక్ ముక్క అదే, మనం పిల్లల్ని ఒళ్ళోకి తీసుకునేదీ అక్కడే. విమానంలో సీటు వద్దని నేననను. ఆకాశంలో బిగించిన సీటుని నేల మీదికి రాగానే క్యారియర్ మీద పడెయ్యడం ఉల్టా వ్యవహారం అంటున్నాను.

గల్ఫ్ వాళ్ళ కథ ఇంకా వింత. దుబాయ్‌లో నాలుగేళ్ళ లోపు పిల్లల్ని సీటు లేకుండా కారెక్కిస్తే 400 దిర్హమ్‌లు జుర్మానా, 2017 నుంచి. అక్కడ మనవాళ్ళు నోరెత్తకుండా కడతారు. ఇక్కడ దిగగానే అదే పిల్లాడు నానా బైకు ట్యాంకు మీద. మన దగ్గర కానూన్ లేదనుకోకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ వచ్చింది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో, సీటో లేకపోతే వెయ్యి రూపాయలు. ఇన్నేళ్ళ రిపోర్టింగ్‌లో ఆ సెక్షన్ కింద ఒక్క చలానా కూడా నా కంటబడలేదు.

విమానంలో సీటు పెట్టుకోవాలనుకునే వాళ్ళకి భాంజీ చెప్పిన నాలుగు మాటలు. అమెరికాలో కొన్న సీటైతే దాని మీద ఎర్ర అక్షరాల్లో, కార్లకీ విమానాలకీ పనికొస్తుందని రాసి ఉండాలి. బూస్టర్‌కి ఆ ముద్ర ఉండదు, విమానంలో పనికిరాదు. కిటికీ పక్కనే బిగించాలి, ఆపద వస్తే మిగతా వాళ్ళ దారికి అడ్డం కాకూడదు కదా. ఎమర్జెన్సీ తలుపు వరసలో కుదరదు. బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సీటు వెడల్పు అడగాలి. అంత బరువు మొయ్యలేమంటే కేర్స్ అని ఒక బెల్టు ఉంది, ఎఫ్ఏఏ ఒప్పుకున్నదే. అర కిలో ఉంటుందేమో, విమానం సీటు వీపుకి చుట్టి పిల్లని కట్టొచ్చు. అయితే పది కిలోలు దాటిన పిల్లలకే, అదీ విమానంలోనే. కారులో పనికిరాదు.

సీటు కొనే తాహత్ లేని వాళ్ళకి మన విమానాల్లోనూ గల్ఫ్ విమానాల్లోనూ తల్లి బెల్టుకి తగిలించే చిన్న బెల్టు ఇస్తారు. అమెరికాలో దాన్ని వాడనివ్వరు. గట్టిగా గుద్దుకుంటే తల్లి శరీరం ముందుకి మడుచుకుని పిల్లనే నలిపేస్తుందని వాళ్ళ భయం. గాలి కుదుపులకి పిల్ల ఎగిరిపోకుండా ఆపుతుందని మిగతా దేశాల లెక్క. ఒకే పాప, ఒకే సఫర్, విమానం మారితే రూల్ మారుతుంది. పేద ముసాఫిర్‌కి ఇందులో ఎంచుకునేది ఏముంది? టికెట్ ధర ఎవరు తగ్గిస్తారనేది అసలు సవాల్. దాన్ని ఏ దేశమూ ముట్టుకోవడం లేదు. 2020 ఆగస్టులో దుబాయ్ నుంచి వచ్చి కోళికోడ్ రన్‌వే దాటి లోయలో పడిన విమానంలో పది మంది పసిపిల్లలున్నారు. లాక్‌డౌన్‌లో పనులు పోయి వాపస్ వస్తున్న కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. సీటు ఎందుకు కొనలేదని వాళ్ళని అడిగే ముఖం ఎవరికుంది?

కారు సంగతి వేరు. అక్కడ అడ్డం పైసలు కావు, మన అలవాటు. ట్యాక్సీల్లో వెనక సీటు బెల్టు బకిల్ కవర్ కింద దాక్కుని ఉంటుంది. డ్రైవర్‌ని అడిగితే "ఎందుకు సార్, మెల్లగానే పోతా గదా" అంటాడు. కవర్ ఎత్తి బయటికి తియ్యమనండి, ఐదు నిమిషాల పని. ఒక్క జాగ్రత్త. అమెరికా కార్లలో బెల్టు పూర్తిగా లాగి వదిలితే బిగుసుకుని నిలబడుతుంది, మన కార్లలో చాలావాటికి అది ఉండదు. సీటులోనే లాక్ ఉందేమో చూసుకోవాలి, లేకపోతే లాకింగ్ క్లిప్ వాడాలి. వెనక్కి తిరిగి కూర్చునే సీటుని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు.

ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడం మాత్రం ఏ క్లిప్‌తోనూ కాదు. "పిల్లని కట్టేసి తీసుకుపోతారా, ఖైదీనా?" అంది అమ్మీ. నజర్ తగిలిందని ఎండుమిర్చి తిప్పింది, సద్ఖా ఇచ్చింది. వాపస్ ప్రయాణం రోజు భాంజీ చేతికీ పాప చేతికీ ఇమామ్ జామిన్ కట్టింది, ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి. నేను కాదనలేదు. నా చిన్నప్పుడు నెల్లూరు పోవాలన్నా కట్టేది. "అమ్మీ, చేతికి కట్టావు కదా, నడుముకి నన్ను కట్టనీ" అన్నాను. ఒంటె హదీస్ మీకందరికీ తెలుసు, అమ్మీకి ఇంకా బాగా తెలుసు. నా వంక ఒకసారి చూసి, సీటుని తనే బయటికి తెప్పించింది.

ఈసారి మధ్యాహ్నమే బయల్దేరదీశాం, గేట్లు మూసేలోగా శ్రీశైలం అడవి దాటేలా. సీటు వెనక కిటికీ పక్కన బిగించాం. ఒక మనిషి తగ్గాలి, నేనే ఆగిపోయాను. పాప దోర్నాల దాకా ఏడ్చిందట. ఘాట్ ఎక్కుతుంటే నిద్రపోయిందని అమ్మీ ఫోన్ చేసి చెప్పింది, గొంతు తగ్గించి, మళ్ళీ లేస్తుందేమోనని.