నొప్పి పుట్టేదాకా ఆగకండి

షుగరు నొప్పి పెట్టదు. బీపీ నొప్పి పెట్టదు. గుండెకు రక్తం మోసే నాళాల్లో కొవ్వు పేరుకుంటున్నా ఏళ్ల తరబడి ఒంటికి తెలియదు. ఆకలి మామూలుగానే వేస్తుంది, నిద్ర పడుతుంది, పనికి వెళ్లొస్తుంటాం. ‘నాకేం, గుండ్రాయిలా ఉన్నాను’ అనుకుంటూనే నలభై దాటిపోతాం. అందుకే చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఏదో తేడాగా ఉందని తెలిశాక చూసుకుందాంలే అని మాత్రం అనుకోకండి. ఈ జబ్బుల్లో ఆ తేడా తెలిసేసరికి చాలామందికి కళ్ళో, మూత్రపిండాలో, గుండో కొంత దెబ్బతినే ఉంటుంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. షుగరు అంచున ఉన్నవాళ్ళు అంతకంటే ఎక్కువ, 13 కోట్ల పైమాటే. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసం. పరగడుపున చేసిన రక్తపరీక్షలో 100 నుంచి 125 మధ్య వస్తే మీరు ఆ అంచున ఉన్నట్టు. రెండోసారి చేయించినా 126 లేదా ఆపైన వస్తే షుగరు వచ్చేసినట్టే. హెచ్‌బీఏ1సీ పరీక్షలో అయితే 5.7 నుంచి 6.4 వరకు అంచు, 6.5 నుంచి జబ్బు. ‘110 వచ్చింది, పర్వాలేదులే’ అని ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేయకండి. ఆ 110 మీకు దొరికిన గడువు.

గడువు అని ఊరికే అనడం లేదు. అంచున ఉన్నవాళ్ళు వెనక్కి రాగలరు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అలాంటివాళ్ళ మీదే పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి సరిచేసుకుని, రోజూ నడిచినవాళ్ళలో షుగరు వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికాలో ఇలాంటి పరిశోధనలోనే 58 శాతం తగ్గింది. ఇంత మేలు మన చేతిలో ఉండగా చేజార్చుకోవడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

‘నేను సన్నగానే ఉన్నానుగా’ అనే ధైర్యం ఒకటి ఉంటుంది మనలో చాలామందికి. దయచేసి దాన్ని నమ్ముకోకండి. 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వేశారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క అయిన బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్ననివాళ్ళే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన శరీరాల తీరు అది. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉంటాయి, కొవ్వంతా పొట్టలో చేరుతుంది. పైకి కనిపించే కొవ్వు కన్నా లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరేదే ఎక్కువ హాని చేస్తుంది.

కాబట్టి బరువు తూచే యంత్రం ఒక్కదాన్నే నమ్మకండి. ఇంట్లో కుట్టుమిషన్ టేపు ఉంటే తీయండి. పక్కటెముకల కింది అంచుకీ తుంటి ఎముక పై అంచుకీ నడిమధ్య, చొక్కా తీసేసి, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ప్యాంటు సైజును చూసి మోసపోకండి. పొట్ట పెరిగేకొద్దీ బెల్టును కిందికి జార్చుకుంటాం గనక ఆ సైజు ఏళ్లు గడిచినా మారదు. అమెరికాలో, ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలకూ ఇదే చెబుతున్నాను. దేశం మారితే ఒంటి తీరు మారదు. 2018లో అమెరికా గుండె వైద్య సంఘాలు కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో, దక్షిణాసియా మూలాలు ఉండడాన్నే ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి.

ఇక కంచం సంగతి. మధ్యాహ్నం మన ఇళ్ళలో వడ్డన గుర్తు చేసుకోండి. కంచం నిండా తెల్లన్నం. ముందు పచ్చడి, తర్వాత పప్పు, కూర కొద్దిగా, చారు, చివర పెరుగు. ప్రతిదానికీ మళ్ళీ మారు వడ్డించుకున్న అన్నం. అయిదు రకాలు తిన్నామనుకుంటాం గానీ తిన్నది అయిదుసార్లూ అన్నమే. కూర వంతు నాలుగు ముద్దలకు మించదు. పొద్దున ఇడ్లీ, సాయంత్రం పునుగులు, రాత్రి దోసె. అదంతా మళ్ళీ బియ్యమో మైదానో. పొలంలో పొద్దంతా నాగలి పట్టినవాడికి ఆ కంచం సరిపోయింది. కుర్చీలో పది గంటలు కూర్చునేవాడికి అదే కంచం వడ్డిస్తున్నాం.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చిన పథకం అది, ఆ మేలు మరవకూడదు. కానీ కాలం గడిచేకొద్దీ జొన్నరొట్టె తిన్న ఇళ్ళలో, రాగి సంకటి తిన్న ఇళ్ళలో కూడా మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యమే స్థిరపడింది. ఇప్పుడు కొర్రలు, సామలు, అరికెలు మళ్ళీ వస్తున్నాయి. సంతోషమే. అయితే వాటినీ కంచం నిండా పెట్టుకుంటే లాభం తగ్గిపోతుంది. చిరుధాన్యమైనా అందులో పిండి పదార్థమే ఎక్కువ.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, నూనె సుమారు 27 గ్రాములు చాలని లెక్క కట్టింది. మొత్తం లెక్క గుర్తుండకపోయినా పర్వాలేదు. ధాన్యం కంటే కూర ఎక్కువ, అదొక్కటి గుర్తుంచుకోండి. మన వడ్డన దీనికి సరిగ్గా తలకిందులు. ఇవాళ్టి నుంచే కంచంలో సగం కూరకు వదలండి. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తినండి. రక్తంలో షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. మారు అన్నం మానుకోండి. అదొక్కటే చేసినా పెద్ద మార్పు.

ఉప్పు విషయంలో మన తెలుగువాళ్ళం మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. అంటే ఒక టీ చెంచా, అన్నీ కలిపి. ఆవకాయ, అప్పడం, వడియాలు, చల్ల మిరపకాయలు, మజ్జిగలో వేసుకున్న ఉప్పు, సాయంత్రం చిప్సు, అన్నీ ఆ చెంచాలోంచే పోవాలి. ఆవకాయ మానేయమని తెలుగువాళ్ళకు చెప్పే కాఠిన్యం నాకు లేదు. రోజూ రెండు పూటలా వద్దు, అది కూడా ముక్క ఒక్కటి చాలు అంటున్నాను. బీపీ 140/90 దాటినవాళ్ళయితే జాడీని బల్ల మీద నుంచి తీసి అటక మీద పెట్టించండి. సాయంత్రం బండి దగ్గర బజ్జీల మూకుడు ఒక్కసారి చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, కళ్ళు మండేలా పొగ వస్తుంటే అది కాగి కాగి పాడైన నూనె. అక్కడ తినకండి, పిల్లలకు కొనిపెట్టకండి.

నడక గురించి చెబితే అందరూ తలూపుతారు. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. గోడ పట్టుకుని గుంజీలు తీసినా సరే. అరవై దాటినవాళ్ళకు ఇది మరీ అవసరం. కాళ్ళలో కండ కరిగిపోతే బాత్రూములో జారిపడతారు, తుంటి ఎముక విరుగుతుంది, మంచం పడతారు. భోజనం చేసిన వెంటనే పడుకోకండి, పది నిమిషాలు వీధిలో అటూ ఇటూ తిరగండి. గంటకోసారి కుర్చీలోంచి లేవండి. పొద్దున గంట నడిచాను కదా అని మిగతా రోజంతా కూర్చుంటే ఆ నడక ఫలం కొంత తగ్గవచ్చు.

ఇంకో ప్రమాదం కూడా నన్ను భయపెడుతోంది. భయపడినవాళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడడం. ఇరవయ్యేళ్లు కదలని మనిషి ఒక సోమవారం జిమ్‌లో చేరి మొదటిరోజే బరువులు ఎత్తకూడదు. అలా కండరాలు చితికిపోయి మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళున్నారు. వ్యాయామం చేసిన మర్నాడు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, మీకు షుగరో బీపీయో ఉంటే, పొగ తాగే అలవాటుంటే, డాక్టరుకు చూపించుకున్నాకే పరుగు మొదలుపెట్టండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడులూ ఇంజెక్షన్లూ ముట్టుకోకండి. ఎండాకాలం తొమ్మిది దాటాక బయట వ్యాయామం వద్దు.

ఫోనులో ఎవరో చెప్పారని షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపేయకండి. కాళ్ళు మొక్కి అడగాల్సిన మాట ఇది. ఏదో కషాయం తాగి ఇన్సులిన్ మానేసినవాళ్ళు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. తిండి మార్చాక మందు తగ్గించాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. మందు మోతాదు అలాగే ఉంచి అన్నం ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో నడకకు వెళ్తే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, మాట తడబడుతుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి.

షుగరు ముదిరినవాళ్ళ పాదాలు చూడండి. అరికాళ్ళలో స్పర్శ పోతుంది. చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకుతోనే పొద్దంతా తిరుగుతారు. సాయంత్రం ఇంటికొస్తే గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి మనవరాలు అరిస్తేగానీ తెలియదు. ఆ పుండు మానకపోతే వేళ్ళు తీసేస్తారు, ఇంకా పాకితే కాలు. రోజూ రాత్రి అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. ఉత్త కాళ్ళతో నడవకండి, గుడిలో అయినా మేజోళ్ళు వేసుకోండి.

ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు, బండ పెట్టినట్టు ఉండి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకుతూ చల్లటి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పిని కూడా తేలిగ్గా తీసుకోకండి. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పే ఉండకపోవచ్చు. ఆయాసం, చెమట, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళకండి. 108కి ఫోను చేయండి. మనిషి కుప్పకూలి ఊపిరి ఆగిపోతే ఛాతీ నడిమధ్య రెండు చేతులూ ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండండి. ఈ విద్య ఇంటికి ఒక్కరైనా నేర్చుకోవాలి. ఒక పూట శిక్షణ చాలు.

చివరిగా ఇంటి ఇల్లాలి గురించి. అందరికీ వడ్డించి మూడింటికి తింటుంది. కూర అయిపోయి ఉంటుంది. మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని, పారేయడం ఇష్టం లేక పిల్లలు వదిలేసింది కూడా తినేస్తుంది. ఇంటెడు చాకిరీ చేస్తున్నాను కదా, నాకు వేరే వ్యాయామం ఎందుకంటుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి కాన్పయ్యాక పోయిందంటే, ఆమెకు తర్వాత షుగరు వచ్చే ముప్పు మిగతా ఆడవాళ్ళ కంటే చాలా ఎక్కువ. ఏటా పరీక్ష చేయించాలని ఆసుపత్రిలో చెప్పి ఉంటారు, ఇంటి పనుల్లో పడి అందరూ మరచిపోయి ఉంటారు. ఆడవాళ్ళలో గుండెపోటు నొప్పి లేకుండా వికారంగా, వీపు పట్టేసినట్టుగా, ఊరికే అలసటగా కనిపించవచ్చు. వాళ్ళు ఆ పూట కూడా వంట చేసేస్తారు.

ఈ ఆదివారం కూర ముందుగా ఆమె కంచంలో వడ్డించండి. మర్నాడు పొద్దున టీ కూడా తాగకుండా మీరూ ఆమే కలిసి ల్యాబుకి వెళ్ళండి, అమ్మానాన్నలను కూడా తీసుకెళ్ళండి. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్ చేయించి, బీపీ కూడా చూపించుకోండి. ‘నాకెందుకు ఖర్చు’ అని ఆమె అంటుంది. వినకండి, ఆమె చీటీయే ముందు రాయించండి.