నిడుదబొచ్చు పిల్లికి పెరుగన్నము చాలునా?



మా జంగారెడ్డిగూడెము వంటి యూళ్లలో సైతము ముచ్చటపడి పర్షియన్ పిల్లులను పెంచువారున్నారు. శాకాహారుల యిండ్లలో వానికి పాలు, పెరుగన్నము మాత్రమే పెట్టుట చూచిన నాకు భయము కలుగును. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. టారిన్ అను పదార్థమును తన దేహమున చాలినంత పుట్టించుకొనజాలదు. అది మాంసమునందును చేపలయందును గలదు గాని బియ్యమున లేదు. అది లోపించిన పిల్లికి కంటిచూపు చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పోయిన చూపు మరల రాదు. మన మడి మనది, దాని కడుపు దానిది. వంటింట చేప వండనక్కరలేదు. పిల్లులకై తయారుచేసి యమ్ము సంపూర్ణాహారమును వసారాలో పెట్టిన చాలును. చేప పెట్టువారు ముండ్లు తీసి, ఉప్పుకారములును ఉల్లి వెల్లుల్లియు తగులనీయక ఉడికించి, అప్పుడప్పుడు మాత్రమే పెట్టవలెను.

ఇక బొచ్చు మాట. ఎడమైన పండ్లుగల లోహపు దువ్వెనతో ప్రతిదినము దువ్వవలెను. లేనిచో రాలిన వెండ్రుకలను నాకి మ్రింగి, ఉండలుగా కక్కును. చెవుల వెనుకను చంకలలోను చిక్కులు ముందు పడును. వానిని కత్తెరతో కోయరాదు, పలుచని చర్మము తెగును. మొదలు వ్రేళ్లతో పట్టుకొని కొసనుండి విప్పవలెను. నీళ్లు పోయుటకు ముందే యీ పని కావలెను. తడిసిన ముడి మరింత బిగియును. సాయంకాలము తిండికి ముందు దువ్వి, వెంటనే గిన్నె పెట్టుచుండిన, నాలుగు దినములలో అదియే దువ్వెన చూచి వచ్చి కూర్చుండును.