టోక్యో టాలీవుడ్డూ, మన టాలీవుడ్డూ, మా తమ్ముడి రాజీనామా

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఉప్పునుంతల నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోను. "అన్నా, రేపు రాజీనామా పెడ్తున్న. ఇగ సినిమాలే. ఒక రెండు లక్షలు సర్దుతవా?" అన్నాడు. వాడు హైదరాబాదులో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు, మూడేళ్ళ అనుభవం. శని, ఆదివారాలు ఊరికి పోతుంటాడు. వాడు పెట్టేసిన రెండు నిమిషాలకే చిన్నమ్మ చేసింది. "నువ్వన్న చెప్పు బిడ్డా, వాడు నీ మాటైతే ఇంటడు."

ఇద్దరికీ సాయంత్రం మాట్లాడతానని చెప్పి తప్పించుకున్నాను. ఆ పగలంతా కూర్చుని ఆలోచించిందే ఈ టపా. మనలో చాలామందికి ఇలాంటి తమ్ముడో, టీములో ఇలాంటి కుర్రాడో ఉంటాడు. కొందరికైతే అద్దంలోనే కనిపిస్తాడు :)

ముందు వాడి సినిమా గురించి చెప్పాలి. 18 నిమిషాల షార్ట్ ఫిల్ము. పాలమూరు నుంచి బొంబాయికి కూలికి పోయిన మనిషి ఇంటికి ఫోను చేస్తాడు. ఇక్కడ వాళ్ళ నాయన చనిపోయాడు. భార్య ఆ మాట చెప్పదు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరందే అక్కణ్ణించి కదలనివ్వరు, చెప్తే ఆయన అక్కడే కుమిలిపోతాడు. అందుకని పొలం సంగతి, బర్రె సంగతి మాట్లాడి పెట్టేస్తుంది. అంతే కథ. మా వైపు ఇది కథ కాదు, ఏ వాడలో అడిగినా ఇట్లాంటిది ఒకటి చెప్తారు. కెమెరా అద్దె, మైకు, కుర్రాళ్ళ భోజనాలు, బండ్లకు పెట్రోలు, అన్నీ కలిపి అరవై వేలు అయ్యింది. అన్నీ జీతం డబ్బులే.

పోయిన దసరాకి ఊళ్ళో తెల్ల పంచె కట్టి ప్రొజెక్టరుతో వేశాడు. నేనూ ఉన్నాను. నూటయాభై మంది దాకా వచ్చారు. సినిమా అయిపోగానే ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ, "గంతేనా? గిప్పుడే కూసుంటిమి గదరా!" అంది. అందరూ నవ్వారు. ఆమే మళ్ళీ, "ఆయన బొంబై నుంచి వచ్చిండా లేదా, అది చెప్పకపోతివి" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. లేచిపోతూ పది రూపాయల నోటు తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు వద్దన్నా వినలేదు. సినిమా చూస్తే డబ్బులియ్యాలి కదా అన్నది ఆమె లెక్క.

ఆ పది రూపాయల నోటు దగ్గరికి మళ్ళీ వస్తాను.

అసలు మన ఇంజినీర్లలోంచి సినిమాకి వెళ్ళినవాళ్ళు ఎట్లా వెళ్ళారు? నాగేశ్ కుకునూరు ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగు చదివి, అమెరికాలో ఉద్యోగం చేసి, అక్కడ సంపాదించిన డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశాడు. 17 రోజుల షూటింగు, 17 లక్షల ఖర్చు. శేఖర్ కమ్ముల సీబీఐటీలో ఇంజినీరింగు చదివి, అమెరికా వెళ్ళి, హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని వచ్చి 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీశాడు. మొదటి సినిమాకే జాతీయ అవార్డు. కానీ మనందరికీ ఆయన తెలిసింది 2004లో 'ఆనంద్' వచ్చాకే.

నాకు వీళ్ళందరికంటే పనికొచ్చే ఉదాహరణ రాజ్, డీకేలది. ఇద్దరూ చిత్తూరు జిల్లా వాళ్ళు, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగు క్లాస్‌మేట్లు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. అంటే అచ్చంగా మనవాళ్ళన్నమాట. ఏ ఫిల్ము స్కూలుకీ వెళ్ళలేదు. 2002లో 'షాదీ డాట్ కామ్' అనే షార్ట్ ఫిల్ము తీశారు. 2003లో 'ఫ్లేవర్స్'. తర్వాత హిందీలో '99' వచ్చేసరికి 2009. 'ఫ్యామిలీ మ్యాన్' 2019. అంటే మొదటి షార్ట్ ఫిల్ము నుంచి మన ఆఫీసు క్యాంటీన్లో వాళ్ళ పేరు వినిపించడానికి పదిహేడేళ్ళు. 2021లో వాళ్ళే నిర్మాతలుగా 'సినిమా బండి' వచ్చింది. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో ఊరివాళ్ళంతా కలిసి సినిమా తీయాలనుకునే కథ. అది చూసే మా తమ్ముడికి పిచ్చి ముదిరిందని చిన్నమ్మ ఆరోపణ.

ఇక్కడిదాకా చూస్తే సలహా తేలికే. మొదట్లో మనకి జీతమే నిర్మాత, దాన్ని వదులుకోకు అని చెప్పేయొచ్చు. సాయంత్రం అదే చెబుదామనుకున్నాను. కానీ ఆగి చూస్తే వీళ్ళెవరూ షార్ట్ ఫిల్ము దగ్గర ఆగినవాళ్ళు కాదు. షార్ట్ ఫిల్ము వాళ్ళకి విజిటింగ్ కార్డు. కార్డు చూపించి పెద్ద సినిమా తెచ్చుకున్నారు. తరుణ్ భాస్కర్ తెలంగాణ యాసలో 'సైన్మా' తీశాడు, తర్వాత 2016లో 'పెళ్ళి చూపులు'. మనం సంతోషించాం, నేనూ సంతోషించాను. కానీ మా తమ్ముడు నన్నడిగింది పెద్ద సినిమా గురించి కాదు. "నాకు గీ ఇరవై నిమిషాల కథలే అస్తయన్నా. అవ్వే తీస్త" అన్నాడు. అలాంటివాడికి మన దగ్గర దారి ఉందా?

ఈ ప్రశ్నకి సమాధానం వెతుకుతుంటే జపాన్లో మకోతో షింకాయ్ దొరికాడు. మనలో చాలామంది ఆయన్ని 2016లో వచ్చిన 'యువర్ నేమ్' దర్శకుడిగానే ఎరుగుదురు. మొదలు మాత్రం మనలాంటిదే. 1973లో నాగానో ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. సాహిత్యం చదువుకుని, ఫాల్కమ్ అనే గేమ్ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. పగలు ఉద్యోగం, రాత్రి సొంత పని. అట్లా 1999లో ఒంటరిగా ఉండే అమ్మాయి గురించి ఆమె పిల్లి చెప్పే ఐదు నిమిషాల నలుపు తెలుపు బొమ్మల సినిమా తీశాడు. దానికి 2000లో ఒక యానిమేషన్ పోటీలో పెద్ద బహుమతి వచ్చింది. ఆ తర్వాతే, 2001లో, రాజీనామా. రాజీనామా చేశాక కూడా వేరే గేమ్ కంపెనీకి ఓపెనింగ్ వీడియోలు చేసిపెట్టాడు. అంటే ఫ్రీలాన్సింగ్. ఇంట్లో కూర్చుని, 400 మెగాహెర్ట్జ్ మ్యాక్ మీద దాదాపు ఒంటిచేత్తో, ఏడు నెలల్లో 25 నిమిషాల సినిమా పూర్తిచేశాడు. 400 మెగాహెర్ట్జ్! మన ల్యాప్‌టాపులో ఈమెయిలు తెరుచుకోవడానికి కూడా అది చాలదు.

ఆ సినిమా కథ ఏమిటంటే, ఒక అమ్మాయి యుద్ధానికి అంతరిక్షంలోకి వెళ్తుంది. భూమ్మీద ఉన్న అబ్బాయికి ఫోన్లో మెసేజీలు పంపిస్తుంటుంది. దూరం పెరిగేకొద్దీ మెసేజీ చేరడానికి రోజులు, నెలలు, చివరికి ఎనిమిదేళ్ళు పడుతుంది. నాకు వెంటనే మా తమ్ముడి సినిమా గుర్తొచ్చింది. అక్కడ ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చేరే మాట, ఇక్కడ ఫోను చేతిలో ఉండీ చేరని మాట.

అయితే నన్ను ఆపింది కథ కాదు. ఆ 25 నిమిషాల సినిమా 2002 ఫిబ్రవరిలో మొదట ఎక్కడ వేశారో తెలుసా? టోక్యోలో షిమోకితజావా అనే పేటలో, యాభై సీట్లు కూడా లేని ఒక బుల్లి థియేటర్లో. 1999లో షార్ట్ ఫిల్ముల కోసమే తెరిచిన థియేటరది. దాని పేరు టాలీవుడ్!

నిజంగానే. పేరు చూసి మొదట నవ్వాను, తర్వాత సిగ్గేసింది. మన టాలీవుడ్డులో వెయ్యి మంది పట్టే హాళ్ళున్నాయి, షార్ట్ ఫిల్ముకి టికెట్టు కొట్టే యాభై సీట్ల హాలు లేదు. వాళ్ళ టాలీవుడ్డులో టికెట్టు కొని చూశారు, తర్వాత డీవీడీలు కొన్నారు. షింకాయ్ ప్రతిభ గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, కానీ ఆయనకి ఒక కెరీర్ ఏర్పడింది ఈ కొన్నవాళ్ళ వల్ల కూడా.

"యూట్యూబ్ ఉంది కదా" అంటారు మీరు. సరే, లెక్క వేద్దాం. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే మామూలు వీడియోలకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. 18 నిమిషాల సినిమాని 13,333 మంది చివరిదాకా చూడాలి. అది డబ్బు రావడానికి కాదు, గేటు తెరుచుకోవడానికి మాత్రమే! మన అలవాటు మనకు తెలుసు కదా, మెట్రోలో నాలుగు నిమిషాలు చూసి, స్టేషను రాగానే ఆపేసి, "బాగుందిరా, లైక్ కొట్టా" అంటాం. ఆ లెక్కన అరవై వేల మంది కావాలి.

ఇంకో లెక్క. యాభై సీట్లు, టికెట్టు వంద రూపాయలు. ఒక ఆట నిండితే ఐదు వేలు. పన్నెండు ఆటలు నిండితే మా తమ్ముడి అరవై వేలూ వచ్చేస్తాయి. హాలు అద్దె తీసేస్తే ఇంకో నాలుగైదు ఆటలు వేసుకోండి. అంటే ఎనిమిది వందల మంది చాలు. అరవై వేల మంది పావుగంట చూడని చోట, ఎనిమిది వందల మంది వంద రూపాయలు ఇస్తే వాడు రెండో సినిమా తీయగలడు.

మన దగ్గర ప్రయత్నాలే లేవని అనను. 2016లో రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో భాషా సాంస్కృతిక శాఖవారు 'సినీవారం' పేరుతో శనివారాలు కొత్తవాళ్ళ సినిమాలు వెయ్యడం మొదలుపెట్టారు. కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్ళి మూకీల కాలంలోనే హీరో అయిన జైరాజ్ పేరు మీద ఉన్న హాల్లో కొత్త కుర్రాళ్ళ సినిమాలు వెయ్యడం చక్కటి పని. కానీ అక్కడ టికెట్టు లేదు. చూసేవాళ్ళలో సగం మంది ఆ సినిమా తీసినవాళ్ళ స్నేహితులే ఉంటారు. చప్పట్లు వస్తాయి, పెట్రోలు ఖర్చు రాదు.

టికెట్టు పెడితే ఎవడొస్తాడు అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటి ఆటకి పదిమందే రావచ్చు. చెత్త షార్ట్ ఫిల్ములు బోలెడున్న మాటా నిజమే. కానీ ఉచితం కాబట్టే చెత్తని కూడా "బాగుంది" అంటున్నాం. వంద రూపాయలు పెట్టినవాడు బాగాలేకపోతే మొహం మీదే చెప్తాడు. మా ఊరి ముసలమ్మ అడిగిన ప్రశ్న మా తమ్ముడి వీడియో కింద ఒక్క కామెంటులో కూడా లేదు. ఆయన ఇంటికొచ్చాడా లేదా అని ఒక్కరూ అడగలేదు. అందరూ "సూపర్ బ్రో".

ఉద్యోగం వదిలి కల వెంట పడమని వాట్సాప్ సూక్తులు పంపేవాళ్ళూ మనమే, "ఈఎంఐ ఎవడు కడతాడు" అని భయపెట్టేవాళ్ళూ మనమే. రెండూ ఖర్చు లేని సలహాలు. నెలకి రెండు సినిమాలకి, పాప్‌కార్నుకి కలిపి వెయ్యి రూపాయలు పెట్టే మనం షార్ట్ ఫిల్ముకి ఇప్పటిదాకా ఎంత పెట్టాం? నా వరకు నేను చెప్తాను, సున్నా. తమ్ముడి సినిమాకి కూడా సున్నా. ఆ రాత్రి ఉప్పునుంతలలో పది రూపాయలు ఇచ్చింది ఆ ముసలమ్మ ఒక్కతే. లక్షల జీతం తీసుకుంటున్న నేను వెనక నిలబడి ఫోన్లో ఫోటోలు తీస్తున్నాను.

సాయంత్రం ఫోను చేసి వాడితో అన్నాను. "రెండు లక్షలు ఇయ్యను. ఇస్తే అవి తిండికి, అద్దెకే పోతయ్. ఉద్యోగం ఇంకో రెండేళ్ళు చెయ్యి. రెండో సినిమాకి అరవై వేలు నేను పెడ్తా. అయితే టికెట్టు పెట్టి చూపియ్యాలె."

"టికెట్టు పెడితే మంచిదే అన్నా. గని ఉద్యోగం ముచ్చట వద్దు" అన్నాడు. తెల్లారి రాజీనామా పెట్టేశాడు. నా మాట వింటాడన్నది చిన్నమ్మ నమ్మకం మాత్రమే అని తేలింది. నాకు ఇప్పటికీ వాడు తొందరపడ్డాడనే ఉంది. షింకాయ్ కూడా బహుమతి వచ్చాకే బయటికొచ్చాడు కదా అన్నాను. "నాక్కూడ పది రూపాయల బహుమతి అచ్చింది గదనే" అన్నాడు. ఏం చెప్పను?

తొంభై రోజుల నోటీసు పిరియడ్లో ఇంకా అరవై మిగిలాయి. ఈలోపు హైదరాబాదులో ఏదో ఒక చిన్న హాలు అద్దెకి తీసుకుని, వాడిదీ, ఇంకో ముగ్గురు కుర్రాళ్ళదీ కలిపి గంటన్నర ఆట వేద్దామని ఇద్దరం అనుకున్నాం. టికెట్టు వంద. ఫ్రీ పాసులు లేవు, నాక్కూడా. మా ఆఫీసులో ఇప్పటికి పదకొండు మంది కొంటామన్నారు. ఒకాయన "లింకు పంపించు, ఇంట్లో చూస్తా" అన్నాడు. లింకు పంపలేదు.

మీ ఊళ్ళో, మీ కాలనీలో కూడా ఇలాంటి కుర్రాడు ఉండే ఉంటాడు. వాడికి సలహా ఇచ్చే ముందు ఒక టికెట్టు కొనండి. టికెట్టే లేదంటారా, పెట్టమని వాడికి చెప్పండి.