పట్టా కన్నా నిరీక్షణే భారం
ఏ డిగ్రీకి ఎంత జీతం? పట్టభద్రుల ముందున్న లెక్క

మెట్టుగూడ: బి.ఏ. చదివితే ఉద్యోగం రాదని, ఇంజనీరింగు చదివితే జీతానికి కొదవ ఉండదని తల్లిదండ్రులలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక, మెట్టుగూడ పరిసరాలలో అద్దె గదులలో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్న పట్టభద్రుల పరిస్థితి చూస్తే ఇది సగమే నిజమని తేలుతుంది.

ప్రభుత్వోద్యోగంలో జీతం పోస్టును బట్టే గాని చదివిన సబ్జెక్టును బట్టి ఉండదు. స్టేషన్ మాస్టరు పోస్టుకు ఏ డిగ్రీ అయినా చాలు. 7వ వేతన సంఘం స్కేలులో ప్రారంభ మూల వేతనం రూ.35,400. గూడ్స్ రైలు మేనేజరుకు రూ.29,200. కరువు భత్యం అదనం. తెలుగు సాహిత్యం చదివినా, భౌతికశాస్త్రం చదివినా తేడా లేదు. కాగా అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ఐ.టి.ఐ., డిప్లొమా లేదా ఇంజనీరింగు కావాలి. మూల వేతనం రూ.19,900 మాత్రమే కావడం గమనార్హం.

అయితే ఖాళీలు స్వల్పం. 2024లో రైల్వే దేశమంతటికీ ప్రకటించిన గ్రాడ్యుయేట్ స్థాయి పోస్టులు 8,113. అందులో స్టేషన్ మాస్టర్లు 994.

సైన్సుకు మరో దారి

తార్నాక, హబ్సిగూడలలో ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. వంటి పరిశోధనా సంస్థలున్నాయి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000 ఫెలోషిప్ నిర్ణయించారు. కాని మూడేళ్ల బి.ఎస్‌సి. ఇందుకు చాలదు. పి.జి. గాని నాలుగేళ్ల డిగ్రీ గాని ఉండాలి. చరిత్ర, అర్థశాస్త్రం వంటి ఆర్ట్స్ సబ్జెక్టులకు కూడా యు.జి.సి. ఫెలోషిప్ ఇంతే. జీతంలో తేడా ప్రైవేటు రంగంలోనే ఎక్కువ. అక్కడ కూడా సాఫ్ట్‌వేరు సేవల సంస్థలలో కొత్తవారికి సాధారణంగా ఇచ్చేది సాలుకు రూ.3 నుంచి 4 లక్షలు. నెలకు లెక్కిస్తే ఇది స్టేషన్ మాస్టరు మూల వేతనానికి మించదు. అయితే చదువు పూర్తి కాగానే చేతికి వస్తుంది. పనితనం ఉన్నవారికి ఆపై త్వరగా పెరుగుతుంది.

కనిపించని నష్టం

అసలు తేడా ఇక్కడే ఉంది. 503 గ్రూప్-1 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వెలువడింది. ప్రిలిమినరీ పరీక్ష రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. నెలకు రూ.15,000 వచ్చే చిన్న ఉద్యోగాన్ని వదులుకుని మూడేళ్లు చదివిన అభ్యర్థి నష్టపోయేది రూ.5,40,000. గది అద్దె, కోచింగ్ ఫీజు దీనికి అదనం. పొలం మీద అప్పు తెచ్చి పంపే రైతు కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ఈ నష్టం బి.ఏ.కు, బి.టెక్.కు ఒక్కటే.

తెలంగాణ ప్రభుత్వం 2024 ఆగస్టులో శాసనసభలో ఉద్యోగ క్యాలెండర్ ప్రకటించింది. ప్రకటించిన తేదీలు తప్పకుండా అమలు జరగాలి. తమ వద్ద చదివినవారు ఎక్కడ, ఎంత జీతంపై స్థిరపడ్డారో ప్రతి కళాశాలా ప్రవేశాల సమయంలోనే నోటీసు బోర్డులో పెట్టాలి. అప్పుడే విద్యార్థి ఊరివారి మాట మీద గాక లెక్క చూసుకుని సబ్జెక్టు ఎంచుకోగలుగుతాడు.