రొహిల్లాల ఋణము

నిర్మల్ పట్టణమునకు పోయినవారు వెయ్యి ఉరుల మర్రి మాట వినక తిరిగిరారు. 1860 ఏప్రిల్ నెలలో రాంజీ గోండును, ఆయన వెంట నిలిచిన వేయిమందిని ఆ చెట్టు కొమ్మలకు ఉరిదీసిరని జనశ్రుతి. చెట్టు గాలివానకు కూలినది గాని మాట కూలలేదు. రాంజీకి ఆ పట్టణమున విగ్రహము నిలిచినది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే ఆ కొమ్మలకు వ్రేలాడినవారందరును గోండులు కారు. రాంజీ ప్రక్కన పోరాడిన రొహిల్లా నాయకుడు హాజీని, అతని సిపాయిలను తలచువారు నేడు అరుదు. వారిని గూర్చి రెండు మాటలు వ్రాయుట మా విధియని తలచుచున్నాము.

రొహిల్లాలు ఆఫ్ఘను కొండలనుండి తరతరములుగా హిందూస్థానమునకు వచ్చి, బరేలీ, రాంపురము ప్రాంతములలో స్థిరపడిన పఠానులు. వారి పేరనే ఆ సీమకు రొహిల్‌ఖండమను పేరు కలిగినది. బ్రదుకుతెరువునకై కత్తిని నమ్ముకొని దక్కనునకు దిగివచ్చిన యువకులనేకులు నిజాము రాజ్యమున కిరాయి సిపాయిలుగా చేరిరి. కొందరు వడ్డీవ్యాపారము చేసిరి. 1853లో మొదటి సాలార్‌జంగు దివానైన పిదప ఇట్టి బలములను తగ్గింప పూనుకొనెను. ఒకవంక కొలువులు పోవుచుండెను, మరియొకవంక ఆంగ్లేయుల పెత్తనము పెరుగుచుండెను. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను అనువారల నాయకత్వమున రొహిల్లాలు హైదరాబాదు రెసిడెన్సీపై పడిరి. దాడి విఫలమైనది. 1859లో తుర్రేబాజ్ ఖానును తూప్రాను దగ్గర కాల్చి చంపిరి. మౌల్వీని అండమాను దీవులకు పంపిరి. ఆ రెసిడెన్సీ దాపున నేడు తుర్రేబాజ్ ఖాను పేర ఒక వీధి కలదు. రాజధానిలోని వీరునికి ఆపాటి గౌరవము దక్కినది. అంతటితో ఆగక నిర్మల్ కొండలలో గోండులతో చేయి కలిపి, మూడేండ్ల పిదప ప్రాణములిచ్చిన అతని తోటివారికి మనము చేసినదేమి?

ఇచట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. “రొహిల్లాలు కిరాయివారు, దోపిడి వారికి క్రొత్త కాదు, వారి వడ్డీ వసూళ్లు కఠినములు. అట్టివారిని దేశభక్తులనుట యెట్లు?” అని కొందరందురు. వారందరును పుణ్యపురుషులని వాదించుట మా యభిమతము కాదు. కాని న్యాయస్థానముల మెట్లెక్కి దిగువారికి ఒక సంగతి తెలియును. ఒక్క పక్షపు సాక్ష్యముతో వ్రాసిన తీర్పు నిలువదు. నాటి సర్కారు కాగితములు ఈ రొహిల్లాలను దోపిడిగాండ్రని పేర్కొన్నవి. ఆ కాగితములు వ్రాసిన చేయియు, ఉరిత్రాడు లాగిన చేయియు ఒక్కటే. కిరాయికి వచ్చినవాడు కిరాయి ఆగిననాడు వెడలిపోవును. రాంజీ యొద్ద ఖజానా లేదు. అడవియు, ఆకలియు, వెంటాడు తుపాకులును ఉండెను. అట్టి తావున కడదాక నిలిచినవానిని కిరాయివాడనుటకు మాకు నోరు రాదు.

మరియొక దోషము నేడు కానవచ్చుచున్నది. కొందరు రాంజీని కీర్తించుచు హాజీని విడుతురు. కొందరు హాజీని తలచుచు రాంజీని విడుతురు. ఒక్క చెట్టుకు వ్రేలాడినవారిని విడదీయు అధికారము మనకెవరిచ్చిరి?

ఫ్రాన్సు దేశమున నవ్ షాపెల్ అను గ్రామము కలదు. మొదటి మహాయుద్ధమున ఆ దేశపు రణభూమిలో కూలి, సమాధికైనను నోచుకొనని 4,700కు పైబడిన భారతీయ సిపాయిల పేర్లు అచట 1927లో వెలసిన స్మారకముపై చెక్కబడియున్నవి. తనకొరకు చచ్చిన పరదేశికి సామ్రాజ్యమే రాయి నాటినది. మనకొరకు చచ్చిన పరదేశికి ఒక్క పంక్తి చెక్కుటకు మన సీమలో రాయి కరవైనదా?

ఇది గతించిన కథ మాత్రమేయని పాఠకులు తలపకుందురుగాక. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో పరదేశమునకు బిడ్డను పంపని వాడయేది? మన పద్మశాలీలు భివండి, షోలాపురము, బొంబాయి మగ్గములకు పోయిరి. 1970 దశకమునుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతముల యువకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఎడారిలో కన్నుమూసిన కుమారుని శవపేటికకై విమానాశ్రయమున కాచుకొను తండ్రులు మన ఇరుగుపొరుగువారే. ఆ దేశమువారు మన బిడ్డను కూలియని కాక మనిషియని తలపవలెనని కోరుచున్నాము. కోరుటకు మనకు హక్కు కలదు. కాని ఆ న్యాయము మొదట మన యింట నిలువవలెను. పొట్టకూటికి వచ్చి మన మట్టిలో కలిసినవానిని మనము మరచి, మనవానిని మాత్రము పరులు తలపవలెననుట ధర్మమగునా?

కావున నిర్మల్ పౌరులకు మా విన్నపమిది. మర్రి వెలసిన తావున రాంజీ పేరి క్రింద హాజీ పేరును, అతని రొహిల్లా సహచరుల ప్రస్తావనను ఒక్క పంక్తిలో చెక్కింపుడు. ఏటేట ఏప్రిల్ నెలలో గ్రంథాలయములు ఒక సాయంకాలమైనను సభ జరిపి, ఈ కథను పిల్లలకు పూర్తిగా చెప్పవలెను. ఇందులకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు, చందాలు అక్కరలేదు.

రొహిల్లాలు తమ బాకీ వసూలు చేయుటలో కఠినులని పేరుపడినవారు. ఈ యొక్క బాకీని మాత్రము అడుగుటకు వారెన్నడును రారు. అడుగనివాని అప్పు తీర్చుటయే పెద్దరికము.